వీసా మీదున్నన్నాళ్లూ పాట మానేయాలా?

సందేహం: అన్నా, ఎమ్మెస్ చేయడానికి అమెరికా వచ్చి నాలుగు నెలలైంది. ఇంటర్ నుంచీ సొంతంగా పాటలు రాసి బాణీలు కట్టుకునేవాణ్ణి. ఇక్కడికొచ్చాక ఒక్క పల్లవి కూడా తట్టలేదు. ఈలోగా ఒక తెలుగు ఫంక్షన్‌లో పాడితే 200 డాలర్లు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం తమ్ముడూ, పాట సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం.

తీసుకోవద్దు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద అనుమతి లేకుండా క్యాంపస్ బయట సంపాదిస్తే స్టేటస్‌కే ఎసరు. చెక్కు రాసినా, "పెట్రోలు ఖర్చులకు ఉంచు బాబూ" అని జేబులో కుక్కినా ఒకటే. రేపు ఉద్యోగానికిచ్చే హెచ్-1బీ వీసా వచ్చినా, పిటిషన్ వేసిన కంపెనీకి తప్ప ఇంకొకరికి పని చేయకూడదు. "డబ్బొద్దు, ఊరికే పాడతా" అన్నా, మామూలుగా డబ్బిచ్చి చేయించుకునే పనైతే అదీ చిక్కే. యూట్యూబ్‌లో పాట పెట్టడం వేరు, ప్రకటనల డబ్బు కోసం మానిటైజేషన్ నొక్కడం వేరు. నొక్కేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడుగు, వాట్సాప్ గ్రూపులో పెద్దమనుషుల్ని కాదు. గ్రీన్ కార్డు వచ్చేదాకా నేను ఓపెన్ మైకుల్లోనే పాడాను. కాఫీ షాపు కౌంటర్ మీద ఒక కాగితం పెడతారు, పేరు రాస్తే రెండు పాటలకు మైకిస్తారు. పాడినవాళ్లెవరికీ పైసా ఇవ్వరు.

ఇంకోటి. పాట కాగితం మీద పెట్టిన క్షణం నుంచీ, ఫోన్‌లో రికార్డు చేసిన క్షణం నుంచీ హక్కు నీదే. కానీ ఇక్కడ విడుదలైన పాట కోసం ఇక్కడి కోర్టుకెక్కాలంటే కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ చేయాల్సిందే. "నీకు నువ్వే పోస్టు చేసుకుని కవరు విప్పకుండా దాచుకో" అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకో.

ఇక పల్లవి.

నేనూ "సెటిలయ్యాక రాద్దాంలే" అనుకున్నాను. ఆరేళ్లు పోయాయి. మళ్లీ మొదలుపెడితే వచ్చినవన్నీ ఏటి గట్లు, కోయిలలు, వెన్నెల. ఒక్కటీ నాది కాదు, ఎవరెవరివో పాత పాటల్లోంచి ఊడిపడ్డవే. నా మొదటి నికార్సైన పాట అపార్ట్‌మెంటు లాండ్రీ రూములో పుట్టింది. డ్రయ్యర్‌లో తిరుగుతూ జీన్స్ గుండీ డ్రమ్ముకి తగులుతోంది, తకిట తకిట అని అచ్చంగా మూడేసి దెబ్బల తిశ్రంలో. దాని మీద నాలుగు మాటలు వేసుకుంటూ కూర్చున్నాను. బట్టలు ఆరేసరికి పల్లవి తయారు. చరణానికి మాత్రం మూడు వారాలు పట్టింది, అది వేరే కథ.

పెరిగిన ఇల్లు పాటలోకి రాకపోదు, కాకపోతే మనం పిలిచిన దారిన రాదు. మా నాన్న హార్మోనియంలో ఒక గాంధారం, అంటే "గ" మెట్టు, మూగబోయింది. బాగు చేయించే స్తోమత లేదు. ఆ స్వరం వచ్చినచోటల్లా ఆయనే కాస్త గొంతు పెంచి ఆ ఖాళీ నింపేసేవాడు. నా బాణీలన్నీ గాంధారం మీదే ఎందుకు నిలబడతాయని ఒకాయన అడిగేదాకా నాకే తెలియదు.

అపార్ట్‌మెంటులో గోడలు పల్చన, రాత్రి పదయ్యాక గొంతెత్తితే కింద వాళ్లు చీపురు కర్రతో సీలింగు పొడుస్తారు. అందుకే నా పాటల్లో సగం పార్కింగ్ లాట్‌లో, కార్లో కూర్చుని కట్టినవే. చలికాలం అద్దాలకు ఆవిరి పడుతుంది, వేలితో దాని మీదే తాళం మాత్రలు లెక్కేసుకునేవాణ్ణి.

ఇక్కడి వాయిద్యగాళ్లతో కూర్చోవడానికి మొహమాటపడకు. నీ భాష వాళ్లకి చెప్పడం నేర్చుకో చాలు. "ఒకటిన్నర శ్రుతి" అంటే గిటారిస్టు తెల్లమొహం వేస్తాడు. సీ షార్ప్ అను, తీగలన్నిటినీ నొక్కిపట్టే క్యాపో అనే క్లిప్పుని మొదటి ఫ్రెట్ (మెట్టు) మీద పెట్టి, సీ శ్రుతికి పట్టే వేళ్ల పట్టుల్లోనే వాయించేస్తాడు. ఒకసారి నా కల్యాణి రాగం పాటకు అలాగే వాయిస్తూ అలవాటుగా ఎఫ్ మేజర్ కార్డ్ (కలిపి మీటే స్వరాల గుత్తి) పట్టాడు. నా గొంతులో ప్రతిమధ్యమం (పై "మ"), ఆయన వేళ్ల కింద శుద్ధమధ్యమం (కింది "మ")! ఇద్దరం ఉలిక్కిపడ్డాం. అక్కడ డీ మేజర్ పట్టమన్నాను, పట్టగానే పాటకి వెలుగొచ్చింది. ఆ కార్డ్ నాకు ఏ గురువూ చెప్పలేదు, తప్పు వినబడితేనే దొరికింది.

మాటల దగ్గర మాత్రం ఇంగ్లీషు పాటల్ని చూసి వాత పెట్టుకోకు. వాళ్లకి ప్రాస పాదం చివర మోగుతుంది. మనకి పాదం మొదట్లో, రెండో అక్షరం దగ్గర కూడా మోగించే వీలుంది. పైగా మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, ఎంతసేపైనా సాగదీయొచ్చు.

ఫంక్షన్ వాళ్లకి ఈసారికి కుదరదని చెప్పేయ్. ఆ సాయంత్రం నీకెలాగూ ఖాళీయే, బట్టల మూట పట్టుకుని లాండ్రీ రూముకి పో. ఫోన్ చార్జింగ్ చూసుకో.