ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్ ఓటర్లు 2024లో బడుల ప్రతిపాదనలను ఎందుకు తిరస్కరించారు?

మీ ప్రశ్నలో రెండు సంగతులు ఉన్నాయి. టెక్సస్‌లోని ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌లో 2024 నవంబరు 5న బడుల పన్ను, అప్పుల కోసం పెట్టిన ప్రతిపాదనలన్నీ ఎందుకు ఓడిపోయాయన్నది ఒకటి. అదే రోజు అధ్యక్ష పదవికి పడిన ఓట్లను బట్టి ఆ ఫలితాన్ని చెప్పగలమా అన్నది రెండోది. మా పిల్లలిద్దరూ ఈ బడుల్లోనే చదివారు. ఇక్కడ జరిగిన ప్రతి బడి ఎన్నిక తర్వాతా రెండు కౌంటీల లెక్కలూ ముందు పెట్టుకుని కూర్చోవడం నాకు అలవాటు. రెండో దానికి నా జవాబు సూటిగా చెబుతాను: చెప్పలేము. ఈ ఓటు పార్టీల ఓటు కాదు. బడుల మీద ఎవరికెంత ప్రేమ ఉందో కొలిచే ఓటు కూడా కాదు. ఎవరికి ఓటు ఉంది, ప్రశ్నను ఎలా అడిగారు అన్న రెండింటి మీదే ఇది ఆధారపడుతుంది.

ముందు లెక్క ఎలా చూడాలో చెబుతాను, ఎందుకంటే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పట్టికల్లో సగం తప్పులు ఇక్కడే పుడతాయి. డిస్ట్రిక్ట్ హద్దులు, ఊరి హద్దులు ఒకటి కావు. ఫ్రిస్కో నగరంలో కొన్ని ఇళ్లు ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ డిస్ట్రిక్టుల కిందికి వస్తాయి. ప్లేనో, మెకిన్నీ నగరాల్లోని కొన్ని కాలనీలేమో మన డిస్ట్రిక్ట్‌లో ఉంటాయి. పైగా డిస్ట్రిక్ట్ కాలిన్, డెంటన్ అనే రెండు కౌంటీల్లో పరుచుకుని ఉంది. ఏ కౌంటీ ఫలితాలు ఆ కౌంటీ ఎన్నికల కార్యాలయమే ప్రకటిస్తుంది, రెండూ తీసుకుని మనమే కూడుకోవాలి. పోలింగ్ ప్రిసింక్టులు, అంటే ఓట్లు లెక్కించే చిన్న ప్రాంతాలు, కూడా స్కూల్ డిస్ట్రిక్టుల హద్దులను అనుసరించవు. ఒకే ప్రిసింక్టులో రోడ్డుకు ఇటువైపు వాళ్లది ఒక డిస్ట్రిక్ట్, అటువైపు వాళ్లది మరొకటి కావచ్చు. అధ్యక్ష పదవి దగ్గర ఇరువైపుల వాళ్ల ఓట్లూ కనిపిస్తాయి, బడి ప్రతిపాదన దగ్గర ఒకవైపు వాళ్లవే. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి "ఇంతమంది బడి ప్రశ్నను వదిలేసి వెళ్లిపోయారు" అని నిర్ధారించడం తప్పు. నిజంగా ఎంతమంది ఖాళీగా వదిలేశారో తెలియాలంటే ప్రిసింక్టుల నివేదికలో ఆ ప్రతిపాదన కిందే ఉండే "అండర్ వోట్స్" అంకెను చూడాలి.

ఇక ఓట్ల సంగతి. 2020లోనూ 2024లోనూ కాలిన్, డెంటన్ రెండూ ట్రంప్‌కే ఆధిక్యం ఇచ్చాయి. "రిపబ్లికన్ ప్రాంతం కదా, పన్ను అంటే ఓడిస్తారు" అని చాలామంది అక్కడితో ఆపేస్తారు. మరి ఇదే డిస్ట్రిక్ట్ ఓటర్లు 2014 మేలో 77.5 కోట్ల డాలర్ల బాండ్లకు, అంటే బడుల భవనాల వంటివాటికి తెచ్చే అప్పుకు, ఆమోదం తెలిపారు. 2018 నవంబరులో మరో 69.1 కోట్ల డాలర్ల బాండ్లతో పాటు నిర్వహణ పన్ను (జీతాలు, రోజువారీ ఖర్చుల కోసం వేసే ఆస్తి పన్ను) పెంపునూ ఒప్పుకున్నారు.

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నేర్పేవి 2016, 2018 ఎన్నికలు. 2016 ఆగస్టు 27న నిర్వహణ పన్నును ఆస్తి విలువలో ప్రతి వంద డాలర్లకు 13 సెంట్లు పెంచుతామని అడిగారు. నాలుగు లక్షల డాలర్ల ఇంటికి, మినహాయింపులు పక్కన పెడితే, ఏడాదికి 520 డాలర్లు. బడులు తెరిచిన హడావుడిలో, మండుటెండలో, ఆ ఒక్క ప్రశ్న కోసమే పెట్టిన ఎన్నిక. బాధపడ్డవాళ్లు, కోపం వచ్చినవాళ్లు తప్పకుండా వచ్చి ఓటు వేశారు. "ఎలాగూ గెలుస్తుందిలే" అనుకున్నవాళ్లు చాలామంది ఇంట్లోనే ఉండిపోయారు. ప్రతిపాదన ఓడిపోయింది. దాని ఫలితం మేము కళ్లారా చూశాం. 2017లో తెరవాల్సిన నాలుగు కొత్త బడులను వాయిదా వేశారు. వాటిలో ఒకటైన మెమోరియల్ హైస్కూల్ 2018లో గానీ తెరుచుకోలేదు. మా పెద్దవాడి తరగతిలో కుర్చీల మధ్య నడవడానికి కూడా చోటు లేని రోజులు నాకు బాగా గుర్తు.

రెండేళ్లు తిరిగేసరికి నిర్వహణ పన్నులో అదే 13 సెంట్ల పెంపు మళ్లీ బ్యాలెట్ మీదికి వచ్చి గెలిచింది. ఏం మారింది? ఈసారి అప్పులు తీర్చడానికి వేసే పన్నును అంతకన్నా ఎక్కువ తగ్గిస్తామన్నారు. మొత్తం రేటు 1.46 డాలర్ల నుంచి 1.44కు దిగింది. అంటే జీతాలకూ తరగతి గదులకూ డబ్బు పెరిగింది, ఇంటి యజమాని కట్టే రేటు రెండు సెంట్లు తగ్గింది. పైగా అది నవంబరు, సెనేట్ పోటీ జోరుగా నడుస్తున్న ఏడాది, జనం బాగా కదిలారు. ఆ రెండేళ్లలో కొత్త కుటుంబాలు వచ్చి ఉండవచ్చు గానీ, ఇరవై నాలుగు నెలల్లో ఒక ఊరి మనసే మారిపోయిందంటే నేను నమ్మను. మారింది అడిగిన తీరు.

2024లోనూ నవంబరే, అదీ అధ్యక్ష ఎన్నిక. జనం కదిలితే బడులు గెలుస్తాయన్న సూత్రం అక్కడ పనిచేయలేదు. పన్ను రేటుకు ఆమోదం కోరేది ఒకటి, అన్నీ కలిపి వంద కోట్ల డాలర్లు దాటిన బాండ్లకు విడివిడిగా మూడు, మొత్తం నాలుగు ప్రతిపాదనలూ పోయాయి. మొదటి కారణం న్యాయమైన అభ్యంతరమేనని ఒప్పుకోవాలి. మన డిస్ట్రిక్ట్‌లో పిల్లల సంఖ్య పెరగడం ఆగి తగ్గడం మొదలైంది. పిల్లలు తగ్గుతుంటే ఇంత అప్పెందుకని అడిగినవాళ్లను బడికి శత్రువులని నేను అనను. పాత భవనాలు పిల్లల సంఖ్య తగ్గిందని బాగుపడవని వాళ్లకు ఓపికగా చెప్పాల్సింది. రాష్ట్రం ఒక్కో విద్యార్థికి ఇచ్చే మూల మొత్తం 2019 నుంచి అప్పటిదాకా 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయి ఉందనీ, ఆ మధ్యలో ధరలన్నీ పెరిగాయనీ కూడా చెప్పాల్సింది.

రెండో కారణం బ్యాలెట్ కాగితం మీదే ఉంది. 2019లో టెక్సస్ శాసనసభ చేసిన చట్టం ప్రకారం, స్కూల్ బాండ్ల ప్రతిపాదన ప్రతి ఒక్కదాని మీదా "ఇది ఆస్తి పన్ను పెంపు" అని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలి. రేటు పెరగకపోయినా ఆ వాక్యం ఉండి తీరాలి. 2018 బాండ్లు గెలిచినప్పుడు ఆ వాక్యం లేదు. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. ఉద్యోగం నుంచి రిటైరయ్యి, సొంత ఇంట్లో ఉంటున్నారు. ముందస్తు ఓటింగు వారంలో నమూనా బ్యాలెట్ పట్టుకుని మా ఇంటికి వచ్చి, ఆ వాక్యం కింద వేలు పెట్టి చూపించారు.

"పన్ను పెంపు అని వాళ్లే రాస్తుంటే అవునని నేనెలా అంటానమ్మా?"

"బాబాయిగారూ, మీకు అరవై అయిదు దాటింది కదా. మీరుండే ఇంటి మీద స్కూలు పన్నుకు పరిమితి పడిపోయింది. ఇది గెలిచినా మీకు పెరగదు" అన్నాను.

ఆయన కాగితాన్ని రెండువైపులా తిప్పి చూశారు. "మరి ఆ మాట ఇందులో ఎక్కడ ఉంది?"

ఎక్కడా లేదు. ఆయన లాంటి ఓటర్లు మన డిస్ట్రిక్ట్‌లో వేలల్లో ఉంటారు, వాళ్లు క్రమం తప్పకుండా ఓటు వేస్తారు కూడా. వాళ్ల ఇళ్లకు వెళ్లి ఈ ఒక్క విషయం విడమరిచి చెప్పే పని సరిగా జరగలేదన్నది నా గట్టి అభిప్రాయం.

మూడోది మన తెలుగువాళ్లకు నేరుగా తగిలేది. ఈ డిస్ట్రిక్ట్‌లో ఇప్పుడు ఆసియా సంతతి పిల్లలదే అతిపెద్ద వర్గం. తరగతి గదిలో చూస్తే మన పిల్లలు ఎంతమందో తెలుస్తుంది, ఓటర్ల జాబితాలో చూస్తే తల్లిదండ్రులు ఆ స్థాయిలో కనిపించరు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఓటు లేదు. గ్రీన్ కార్డు వచ్చినా ఓటు లేదు. భారత్‌లో పుట్టినవాళ్లు ఆ కార్డు కోసమే ఏళ్లకు ఏళ్లు ఎదురుచూస్తున్నారు. వాళ్లు ఇల్లు కొన్నారు, ఆస్తి పన్ను పూర్తిగా కడుతున్నారు, పిల్లలను ఈ బడులకే పంపుతున్నారు. మీ వీధిలో "బడులు బాగుండాలి" అన్నవాళ్లలో ఎంతమంది ఓటు వేయగలరో ఒకసారి లెక్క వేసుకోండి, మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

ఓటు ఉన్న మనవాళ్లతో నాకు వేరే పేచీ ఉంది. టెక్సస్‌లో ఒక్క మీట నొక్కి పార్టీ మొత్తానికి ఓటు వేసే పద్ధతి 2020 నుంచి లేదు. అధ్యక్షుడు, సెనేటు, ఆ తర్వాత పేర్లు కూడా విననంతమంది న్యాయమూర్తులు. అవన్నీ దాటాక అడుగున బడుల ప్రశ్నలు వస్తాయి. దయచేసి చివరి పేజీ దాకా వెళ్లండి. స్కూల్ బోర్డు సభ్యులను ఎన్నుకునేది మే నెలలో, అక్కడ పేర్ల పక్కన పార్టీ కూడా ఉండదు, వచ్చేవాళ్లు చాలా తక్కువ. ఒక కాలనీ గట్టిగా తలచుకుంటే ఫలితం మారే ఎన్నిక అది. ఓటరుగా నమోదు పోలింగుకు 30 రోజుల ముందే పూర్తి కావాలని మరవకండి.

ఆ ఓటమి తర్వాత 2024 డిసెంబరులో స్టేలీ మిడిల్ స్కూల్‌ను మూసేయాలని బోర్డు నిర్ణయించింది. ఆ బడిలో పిల్లలున్న తల్లులు నాకు తెలుసు, వాళ్లలో ఓటు లేనివాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లకు నేను చెప్పేది ఇది. పొరపాటున కూడా ఓటరుగా నమోదు కాకండి, పౌరసత్వం లేకుండా నమోదైతే వీసాకూ గ్రీన్ కార్డుకూ ముప్పు. కానీ బోర్డు సమావేశంలో మాట్లాడడానికి పౌరసత్వం అక్కరలేదు. ఎజెండాలోని అంశాల మీద, బోర్డు వాటిని చర్చించకముందే, ప్రజలను మాట్లాడనివ్వాలని రాష్ట్ర చట్టమే చెబుతోంది. సమావేశానికి ముందు పేరు నమోదు చేసుకోవాలి, మాట్లాడడానికి ఇచ్చే సమయం కొద్ది నిమిషాలే, కాబట్టి చెప్పదలచుకున్నది ఇంట్లోనే కాగితం మీద రాసుకుని వెళ్లండి. మొదటిసారి వెళ్లడానికి బెరుకుగా ఉంటే నాకు ఇక్కడే రాయండి, నేను తోడు వస్తాను.