ఎడారి పెరట్లో ఏం నాటాలి: కడియపులంక నుంచి పెద్దమ్మ ఉత్తరం

కడియపులంక

అమ్మడూ,

అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకర్కీలో ఇల్లు కొన్నారని, వెనక పెరడంతా బోడిగా ఉందని మీ అమ్మ చెప్పింది. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన మొక్కల జాబితా చూశాను. కాగితంపూలు, గన్నేరు, కలబంద, మందారం. మందారం సంగతి అలా ఉంచు. మిగతా మూడూ నీళ్ళు తక్కువైనా బతికేవే కాబట్టి ఎడారికి సరిపోతాయనుకున్నావు. కానీ మన దగ్గర మే నెల ఎండకు నిలిచిన మొక్క అక్కడి డిసెంబరు దాటాలని లేదు. ఆ మూడింటినీ బయట నాటితే మొదటి చలికాలంలోనే పోతాయి. అంత ఇష్టమైతే కుండీల్లో పెట్టి చలికాలం ఇంట్లోకి తెచ్చుకో. కరివేపాకుకీ అదే దారి.

నువ్వున్న ఊరు సముద్రమట్టానికి ఐదువేల అడుగుల ఎత్తున ఉంది. ఏడాదికి పడే వాన తొమ్మిది అంగుళాలు. మన గోదావరి జిల్లాల్లో అది నలభై దాటుతుంది. ఆ తొమ్మిదిలోనూ దాదాపు సగం జూలై, సెప్టెంబరు మధ్యే పడిపోతుంది. చలికాలంలో పగలు ఎండ వెచ్చగానే ఉంటుంది, రాత్రికి బకెట్‌లో నీళ్ళు గడ్డకడతాయి. వసంతంలో గాలి ఎలా కొడుతుందో మార్చిలో నువ్వే చూస్తావు. కాబట్టి ఎడారి మొక్క అన్న బోర్డు చూసి కొనకు. పక్క రాష్ట్రం అరిజోనాలోని ఫీనిక్స్‌దీ ఎడారే, కానీ అది పల్లపు ఎడారి. అక్కడ పెరిగే పెద్ద సవారో జెముడు మీ పెరట్లో బతకదు.

నర్సరీలో ప్రతి కుండీకీ ఒక చీటీ ఉంటుంది, దాని మీద జోన్ నంబరు ఉంటుంది. మీ ఊరు ఏడో జోన్. అంటే ఏడాదిలో బాగా చల్లటి రాత్రి మైనస్ 12 నుంచి మైనస్ 18 సెల్సియస్ దాకా పడిపోవచ్చని లెక్క. అంకె తగ్గేకొద్దీ చలి ఎక్కువ. చీటీ మీద ఐదు, ఆరు నుంచి మొదలైతే నిశ్చింతగా తీసుకో. అయితే ఆ అంకె చలి గురించే చెబుతుంది. హైడ్రాంజియా అనే పూలపొద ఐదో జోన్ చలికి ఆగుతుంది, మీ సున్నపు నేలలో పొడిగాలికి మాత్రం ఆగదు. ఆకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయంటే నేలలోని సున్నం ఇనుమును అందనివ్వడం లేదన్నమాట. ఏటా మందు పోస్తూ కూర్చోవడం కంటే అలాంటి మొక్క కొనకపోవడమే మేలు.

ఇక అసలు సంగతి. అన్నయ్య వాళ్ళతో అక్కడున్న ఆ ఏళ్ళలో చుట్టుపక్కల పెరళ్ళు చూసి నాకు తెలిసిందేమిటంటే, చలికి చచ్చిందని పీకేసిన మొక్కల్లో చాలా వాటి మొదలు కుళ్ళి ఉంటుంది. మంచు పగలు కరుగుతుంది, ఆ నీరు మొదట్లో నిలిచి రాత్రికి మళ్ళీ గడ్డకడుతుంది. లావెండర్, పెన్‌స్టెమన్ అనే పూలమొక్క, మన కిత్తనార జాతి అగేవ్ ఇలాంటివి ఒట్టి చలికి బెదరవు, తడితో కూడిన చలికి చస్తాయి. డెల్టాలో పుట్టినదానివి, నీకిది తేలిగ్గానే అర్థమవ్వాలి. కంద వేసినా, అరటి వేసినా ముందు మురుగు బోదె తీయందే మనవాళ్ళు గునపం కింద పెట్టరు. అక్కడా అదే పని, తొమ్మిదంగుళాల వాన ఊళ్ళో కూడా.

మొక్కలు కొనకముందే పెరట్లో నాలుగైదు చోట్ల అడుగు లోతు గుంత తీయించు. అల్లుడుగారిని తీయమను, వ్యాయామం అవుతుంది. గుంత నిండా నీళ్ళు పోసి, ఇంకాక మళ్ళీ నింపు. ఆ రెండోసారి నీళ్ళు తెల్లారేదాకా నిలిచే ఉంటే అక్కడ బంకమట్టో, కింద కలీచీ అనే గట్టి సున్నపు పొరో ఉన్నట్టు. రియో గ్రాండే నది వారగా అయితే బంకమట్టి, పడమటి మెట్ట మీద ఇసుక, శాండియా కొండల వైపు గ్రానైట్ రవ్వ. నీరు నిలిచే చోట మట్టిని అడుగు ఎత్తున దిబ్బ చేసి దాని మీద నాటు. మొదలు చుట్టూ కంకర చిప్స్ వెయ్యి, బెరడు ముక్కలు వద్దు. ఎరువు మీద నీకున్న ప్రేమ గులాబీలకు దాచుకో. ఆ ఎడారి మొక్కలకు పశువుల ఎరువు దట్టిస్తే మెత్తగా, ఏపుగా పెరిగి మొదటి మంచుకే వాలిపోతాయి.

నన్నడిగితే పెరట్లో మొదట నాటాల్సింది జుజూబ్. మన రేగుకు దగ్గర చుట్టం. మన రేగు ఆ చలికి ఆగదు, ఇది ఆగుతుంది, సున్నపు నేలనూ లెక్కచెయ్యదు. అక్కడ ఆప్రికాట్ తొందరపడి పూస్తుంది, ఏప్రిల్ మంచుకు పూత రాలిపోతుంది, చాలా ఏళ్ళు ఒక్క కాయా దక్కదు. జుజూబ్ ఆలస్యంగా చిగురించి ఆ గండం దాటేస్తుంది. పచ్చివి తినడానికి ‘లీ’ అనే రకం అడుగు. కాయలు వేసవి ముగిసి చలి మొదలయ్యేలోపు పండుతాయి. కొన్ని ఎండబెట్టి ఉంచితే పాపకు భోగిపళ్ళు పోయడానికి కొట్టు చుట్టూ తిరగక్కర్లేదు. అంటు కింద నుంచి ముళ్ళ పిలకలు లేస్తుంటాయి, ఎప్పటికప్పుడు కోసెయ్.

నీడకు, పూలకు కలిపి ఒక్క చెట్టే పెట్టాలంటే డెజర్ట్ విల్లో. పేరులో విల్లో ఉంది గానీ అది మన ఆకాశమల్లె, టెకోమాల కుటుంబం. పువ్వు చూస్తే నీకే తెలుస్తుంది. వేసవంతా గులాబీ, ఊదా రంగుల్లో గొట్టాల్లాంటి పూలు పూస్తుంది. మే వచ్చేదాకా ఒక్కోసారి చిగురు కనపడదు. చచ్చిందని పీకేయకు, గోటితో కొమ్మ గీకి చూడు, లోపల పచ్చగా ఉంటే ఓపిక పట్టు.

పొదల్లో అపాచీ ప్లూమ్ పెట్టు. తెల్లటి పూలు పోయాక గులాబీ రంగు ఈకల్లాంటి గింజ కుచ్చులు నిలుస్తాయి. చమీసా కూడా మంచిదే, కిటికీకి మాత్రం దూరంగా, ఆ వాసన అందరికీ పడదు. వాటి ముందు పూల వరసలో పెన్‌స్టెమన్, అగాస్టాకీ, గైలార్డియా, రెడ్ యుక్కా. రష్యన్ సేజ్ అందంగా ఉంటుంది గానీ వేళ్ళతో పక్కకు పాకుతుంది, గోడవారకు వద్దు. శీతాకాలంలో కంటికి పచ్చదనం కావాలంటే యుక్కా, పిన్యోన్ అనే పైన్ చెట్టు ఉన్నాయి. రష్యన్ ఆలివ్, సైబీరియన్ ఎల్మ్, టామరిస్క్ చెట్ల మొక్కలు ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోకు, నది వెంట అవి పట్టేసిన చోట్లు చూస్తే నీకే తెలుస్తుంది.

కరువుకు ఆగే మొక్క అంటే నీళ్ళు అక్కర్లేదని కాదు. మొదటి రెండేళ్ళు వేరు కిందికి దిగేదాకా పొయ్యాల్సిందే. రోజూ కాసిని కాకుండా, ఆగి ఆగి లోతుగా. చెట్టుకైతే రెండడుగుల లోతు తడవాలి. సన్నటి ఇనపచువ్వ గుచ్చి చూడు, తడి ఉన్నంతవరకే సులువుగా దిగుతుంది. పాదు మొదలు దగ్గర కాకుండా కొమ్మల అంచు కింద చెయ్యి. చలికాలంలో కూడా నెలకొకసారి, నేల గడ్డకట్టని రోజు చూసి మధ్యాహ్నం పూట చెట్లకు నీళ్ళు పెట్టాలి. ఇది చాలామంది నమ్మరు. ఆకు పచ్చగా ఉండే చెట్లు ఎండకూ గాలికీ చలికాలమంతా నీరు పోగొట్టుకుంటూనే ఉంటాయి. 2002-03 కరువులో అక్కడి పిన్యోన్ చెట్లు, అడవిలో తమంతట తాము పెరిగినవే, నీరు చాలక బెరడు పురుగుకు లొంగి లక్షల్లో ఎండిపోయాయి. ఇందాక నీరు నిలవకూడదన్న మాటకు ఇది అడ్డం కాదు. నీరు పొయ్యాలి, అది కిందికి పోవాలి.

నాటడానికి మంచి అదను సెప్టెంబరు. నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, ఎండ తగ్గుతుంది. అక్టోబరు సగం దాటితే వసంతం దాకా ఆగు. పూలు అయిపోయాయని చలికి ముందే కొమ్మలు కత్తిరించకు. ఎండు కాడలు మొదలును కాపాడతాయి, మార్చి చివర చూసుకోవచ్చు. పిల్లాడు ఆడుకోవడానికి గడ్డి కావాలన్నావు కదా, బ్లూ గ్రామా వెయ్యి. న్యూ మెక్సికో రాష్ట్ర గడ్డి అది. విత్తనం మాత్రం నేల బాగా వేడెక్కాక, వానల ముందు చల్లాలి. ముందు గుమ్మంలో ఇప్పుడున్న పాత గడ్డి తీసేస్తే అక్కడి నీటి సంస్థ రిబేటు ఇస్తుంది. తీయకముందే ఫోన్ చేసి షరతులు కనుక్కో, తీసేశాక అడిగితే లాభం ఉండకపోవచ్చు. ఒకేసారి పెరడంతా నింపాలని టెన్షన్ పడకు. ఈ ఏడాది చెట్లు, పొదలు పెట్టండి, పూల వరస వచ్చే ఏడాది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ