కంసాలి బల్ల మీద చెత్త ఉండదండీ

"మా పక్కింటి కంసాలి గారి కొట్టు చూస్తే భయమేస్తుంది. అంత చెత్తలో బంగారం పోదా? కాస్త సర్దుకుంటే పని ఇంకా బాగా సాగుతుంది కదా?" అని మీరు అడిగారు.

మాది తెనాలి. 31 ఏళ్ళుగా నగలు చేస్తున్నాను. నా మాట అడిగితే, సర్దకూడదు. బల్ల తళతళలాడుతోందంటే ఆ కొట్లో పని లేదనే లెక్క. ఈ లెక్క ఇప్పటిదాకా తప్పలేదు.

2025 ఆషాఢంలో జరిగింది చెప్తాను. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, కొట్టుకి వచ్చేవాళ్ళూ ఉండరు. కానీ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ఇవ్వాల్సిన పనులన్నీ అప్పుడే చేతిలో ఉంటాయి. నేను కళ్ళద్దాలు మార్పించుకోవడానికి గుంటూరు వెళ్ళాను. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి సెలవు మీద వచ్చి ఉంది. పాపం, నాన్నకి సర్‌ప్రైజ్ ఇద్దామనుకుంది.

సాయంత్రం వచ్చి చూస్తే బల్ల మీద నా మొహం కనిపిస్తోంది. 24 గళ్ళ ప్లాస్టిక్ డబ్బాలు రెండు, ఒక్కో గడికి చీటీ. 'గోల్డ్' అని ఒకటి, 'స్క్రూలు' అని ఒకటి, 'స్టోన్స్' అని ఇంకొకటి. నాకు నోట మాట రాలేదు. అది సంతోషం అనుకుని ఫొటో కూడా తీసింది.

ముందు స్క్రూల సంగతి చెప్తాను. అవి బుట్టకమ్మల శీలలు, మరలు. నేను మర చేత్తోనే కోస్తాను. కాబట్టి ఏ శీలకి దాని మరే పడుతుంది, పక్కదానికి పట్టదు. పట్టినట్టే ఉండి రెండు చుట్లకి బిగుసుకుపోతుంది. బలవంతం చేస్తే అరిగిపోతుంది. అందుకే విరిగిన పెంకు ముక్క మీద జతలు జతలుగా పెట్టుకున్నాను. దీపం వైపు ఉన్నవి ఒకరివి, నా మోకాలి వైపు ఉన్నవి ఇంకొకరివి. జతలన్నీ కలిపి ఒకే గడిలో పోసింది. మళ్ళీ జతలు కలపడానికి రాత్రి పదకొండున్నర అయింది. భోజనం కూడా బల్ల దగ్గరే.

శీలలు నయం. 'గోల్డ్' గడి తెరిచేసరికి కాళ్ళలో సత్తువ పోయింది. ఒక మూకుడులో 22 క్యారెట్ల కత్తిరింపులు, హోమియో సీసాలో 18 క్యారెట్ల రాళ్ళ ఉంగరం తాలూకు ముక్కలు, తమలపాకంత కాగితం మీద ఆకురాయి పట్టిన పొడి. ఆ పొడిలో అతుకు, అంటే ముక్కలు అతికించడానికి కరిగించే లోహం కూడా కలిసి ఉంటుంది, అందుకని దాన్ని విడిగా ఉంచుతాను. అన్నీ కలిపి ఒక్క గడిలో. "బంగారమంతా ఒకటే కదా నాన్నా?" అంది. ఒకటి కాదమ్మా. అదంతా కరిగించి నగ చేస్తే 22 క్యారెట్లకి ఉండాల్సిన 916, అంటే వెయ్యికి 916 పాళ్ళ బంగారం రాదు, హాల్‌మార్క్ సెంటర్ వాళ్ళు తిప్పి పంపుతారు. పెద్ద ముక్కలు గీటురాయి మీద గీసి ఒక్కొక్కటీ విడదీశాను. పొడి మాత్రం చేతికి రాలేదు, దాన్ని శుద్ధికి ఇవ్వాల్సి వచ్చింది.

మట్టి సంగతి ఇంకా చెప్పలేదు. కొట్టు ఊడ్చిన దుమ్ము మేం పారేయం. ఒడిలో పరుచుకునే గుడ్డ చిరిగిపోయినా పారేయం, కాల్చి బూడిద ఉంచుకుంటాం. జలగడిగేవాళ్ళు వచ్చి కొనుక్కుంటారు, కడిగి బంగారం తీసుకుంటారు. నాకు ఏడాదికి రెండు గ్రాముల విలువైనా ఇలా తేలుతుంది. 22 క్యారెట్లు గ్రాము 9 వేలు దాటిన రోజులవి, మీరే లెక్కేసుకోండి. ఎనిమిది నెలల మట్టి ఒక చీరల షాపు సంచిలో మూల పెట్టాను. అమ్మాయి పొద్దున్నే మున్సిపాలిటీ బండికి ఇచ్చేసింది.

సంచి అడుగున ఇంకో వస్తువు కూడా పోయిందని మా ఆవిడ చెప్పింది. తుప్పు పట్టిన సైకిలు పుల్ల. 1963లో ప్రభుత్వం గోల్డ్ కంట్రోల్ అని రూలు తెచ్చి, 14 క్యారెట్లకి మించి కొత్త నగ చేయకూడదన్నారు. మనవాళ్ళు 14 క్యారెట్ల నగ ఎవరు పెట్టుకుంటారండీ? మా తాత కొట్టు మూసి సైకిళ్ళు బాగుచేశారు. మళ్ళీ కుంపటి వెలిగించినప్పుడు ఆ పుల్ల చివర సాన పట్టి, అతుకు పెట్టేటప్పుడు ముక్క కదలకుండా నొక్కడానికి వాడారు. ఇప్పుడు నేనూ దాంతోనే నొక్కుతాను. కొన్న పనిముట్లు మూడున్నాయి, చేతికి ఒప్పవు.

మర్నాడు తెల్లారి బండి వాళ్ళని పట్టుకుని, వాళ్ళు చెప్పిన చోటికి వెళ్ళి వెతికాను. సంచి దొరికింది, చినిగిపోయి. మట్టి సగం పైగా పోయింది. మిగిలినదానికి కొబ్బరి పీచు, టీ పొడి అంటుకున్నాయి. పుల్ల మాత్రం ఉంది. అక్కడ కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి "దీనికోసమా బాబాయ్?" అన్నాడు.

ఇంత జాగ్రత్తగా ఉన్నా, కంసాలి తల్లి బంగారమైనా వదలడని సామెత కట్టారు. షోరూముల్లో తరుగు పేరుతో శాతాలు వేస్తే ఏసీలో కూర్చుని, కూల్‌డ్రింక్ తాగి కట్టేసి వస్తారు. నేను అర గ్రాము తరుగు అంటే మాత్రం తూకం రెండుసార్లు వేయిస్తారు. పైగా ఫోన్‌లో ఒక ఫొటో చూపించి "అచ్చం ఇలాగే, నాలుగు గ్రాముల్లో" అంటారు. ఆ ఫొటోలోది ఇరవై గ్రాములకి తక్కువ ఉండదు. ఇది మీరడిగినదానికి సంబంధం లేదనుకోండి, మనసులో ఉంది చెప్పాను.

అమ్మాయిని ఏమీ అనలేదు. వెళ్ళేముందు తనే నా పక్కన కూర్చుని ఏది ఎక్కడుంటుందో అడిగి, ప్రతిదీ ఫొటో తీసుకుంది. మళ్ళీ పొరపాటున సర్దితే వెనక్కి పెట్టడానికట.

మీ పక్కింటాయన్ని కూడా ఒకసారి అడిగి చూడండి, ప్రతి డబ్బా గురించి చెప్తాడు. ఊదుగొట్టం నోట్లో ఉన్నప్పుడు మాత్రం పలకరించకండి. మంట తప్పితే అతుకు చెడిపోతుంది, ఆ ముక్క మళ్ళీ మొదటి నుంచి చేసుకోవాలి.