మెగ్నీషియం ప్రాజెక్టు మానేసి కోడింగ్‌లో చేరమనాలా?

ఖమ్మం నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి మెటలర్జీ బీటెక్ ఫైనల్ ఇయర్. మెగ్నీషియం మిశ్రమాల కరోషన్ (తుప్పులా లోహం తినేసుకుపోవడం) మీద ప్రాజెక్టు ఇచ్చారట. ఉప్పునీళ్లలో లోహపు ముక్క నానబెట్టుకుని కూర్చుంటే ఉద్యోగం ఎవరిస్తారండీ? మానేసి కోడింగ్ కోర్సులో చేరమనమంటారా?"

మానేయమనకండి. అలాగని మెగ్నీషియం పేరు చూసి క్యాంపస్‌కి కంపెనీలు వరుస కడతాయనీ అనుకోకండి, రావు. ఆ ముక్క దగ్గర కూర్చుని నేర్చుకునే పనికే గిరాకీ.

మెగ్నీషియం అల్యూమినియం కంటే మూడో వంతు తేలిక, అందుకే కార్ల వాళ్లకీ ల్యాప్‌టాప్ వాళ్లకీ దాని మీద మోజు. చిక్కంతా ఉప్పుతోనే. ఏజెడ్31 అనే మెగ్నీషియం మిశ్రమం ముక్కను ఎమరీ పేపర్‌తో నున్నగా రుద్ది 3.5 శాతం ఉప్పునీళ్లలో వేస్తే కాసేపటికే హైడ్రోజన్ బుడగలు లేస్తాయి, మెరుపు పోయి మసకబారుతుంది, తర్వాత తెల్లటి పొర కడుతుంది. అల్యూమినియం మీద పొర గట్టిగా పట్టుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. మెగ్నీషియం ఆక్సైడ్‌కి ఆ శక్తి లేదు, ఎందుకంటే అది ఏ లోహం నుంచి పుట్టిందో దాని ఘనపరిమాణంలో 0.81 వంతే ఉంటుంది, ఇక మొత్తం ఎలా కప్పుతుంది? దానిమీద ఏర్పడే హైడ్రాక్సైడ్ పీహెచ్ సుమారు 10.5 దాటితేనే స్థిరంగా ఉంటుంది, అంతకంటే తక్కువైతే ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు చొరబడి అక్కడక్కడా తినేస్తాయి. ఇనుము, నికెల్, రాగి కాస్త మలినంగా ఉన్నా పని ఇంకా చెడుతుంది.

ఇదంతా పుస్తకంలో ఉన్నదేగా అంటారేమో. పొటెన్షియోస్టాట్ (లోహానికి వోల్టేజీ ఇచ్చి కరెంటు కొలిచే పరికరం) మీద కూర్చుని, వోల్టేజీతో కరెంటు ఎలా మారుతుందో చూపే టాఫెల్ గ్రాఫ్ గీసి, కరోషన్ రేటు ఇంత అని రాసేసి ప్రాజెక్టు ముగించేవాళ్లే ఎక్కువ. మెగ్నీషియం విషయంలో ఆ ఒక్క అంకెను నమ్మితే బోల్తా పడతాం. బుడగల్ని బ్యూరెట్‌లో (కొలతల గీతలున్న గాజు గొట్టం) పట్టి కొలవమనండి: మామూలు గది వేడిలో ఒక మిల్లీలీటరు హైడ్రోజన్ వచ్చిందంటే దాదాపు ఒక మిల్లీగ్రాము మెగ్నీషియం కరిగినట్టే. తర్వాత క్రోమిక్ యాసిడ్‌తో పొర కడిగి (విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దనండి) తగ్గిన బరువు చూడాలి. ఈ మూడు లెక్కలూ కలవకపోతే ఎందుకు కలవలేదో చెప్పగలిగిన పిల్లని ఇంటర్వ్యూలో ఎవరూ తేలిగ్గా తీసెయ్యరు. ఇంపిడెన్స్ (ఏసీ కరెంటుతో పై పొర ఎంత అడ్డుకుంటుందో కొలిచే పద్ధతి) కూడా నేర్చుకుంటే మరీ మంచిది.

ఇదే పని రిఫైనరీల్లో, పైపులైన్లలో, కోటింగ్ కంపెనీల్లో, బ్యాటరీ ల్యాబుల్లో కావాలి. శరీరంలోనే కరిగిపోయే ఎముకల స్క్రూలు మెగ్నీషియంతోనే చేస్తున్నారు, ఐరోపాలో 2013లోనే ఒకదానికి అనుమతి వచ్చింది. అక్కడ కరగడమే కావాలి, ఎంత వేగంగా అన్నదే సమస్య. పరిశోధన వైపు మనసుంటే హైదరాబాద్‌లోనే ఏఆర్‌సీఐ, డీఎంఆర్‌ఎల్, ఎన్‌ఎఫ్‌టీడీసీ అనే లోహాల పరిశోధన సంస్థలు ఉన్నాయి, తమిళనాడులోని కారైక్కుడిలో సెక్రీ అనే ఎలక్ట్రోకెమిస్ట్రీ పరిశోధన సంస్థ ఉంది. విదేశాలంటే జర్మనీలోని హెరియాన్ సంస్థలో మెగ్నీషియం మీద పెద్ద విభాగమే ఉంది. ఈ దారిలో పీజీ ఉంటే మేలు, కాబట్టి గేట్‌లో మెటలర్జీ పేపర్ ఇప్పటి నుంచే చదవాలి.

కోడింగ్ మీద టెన్షన్ తగ్గకపోతే పైథాన్ సాయంత్రాలు నేర్చుకోమనండి, ఇంపిడెన్స్ డేటా ఫిట్టింగ్‌కి ఎలాగూ అవసరమే. లక్ష కట్టి కోర్సులో చేర్చే ముందు మాత్రం, ల్యాబ్‌లో పొటెన్షియోస్టాట్ పనిచేస్తోందా, వారంలో ఎన్ని గంటలు తనకి దొరుకుతుంది అని అమ్మాయిని గైడ్‌ని అడిగి రమ్మనండి.