రిసీవర్‌లో సంకేతం నడిచే దారి

ప్రశ్న: డిజిటల్ యాంప్లిఫయర్ ఉన్న ఆడియో రిసీవర్‌లో సంకేతం నడిచే దారి చిన్నదవుతుందంటారు. అదెలాగో వివరించగలరా?

జవాబు: సాధారణ రిసీవర్‌లో, సీడీ నుంచి సెకనుకు 44,100 నమూనాలుగా వచ్చే అంకెలను ముందుగా అనలాగ్ (ఎడతెగకుండా మారే విద్యుత్) సంకేతంగా మార్చి, వాల్యూమ్ నియంత్రణ, ప్రీయాంప్ (సంకేతాన్ని తొలిగా పెంచే) దశలు దాటించి, చివరకు స్పీకర్‌ను నడిపే పవర్ యాంప్‌కు అందిస్తారు, ప్రతి దశలోనూ కొంత రొద చేరే అవకాశం ఉంటుంది. పూర్తి డిజిటల్ పద్ధతిలో ఆ అంకెలనే నేరుగా వెడల్పు మారే పల్సులుగా మలచి, వాటితో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను సెకనుకు కొన్ని లక్షల సార్లు ఆన్, ఆఫ్ చేయిస్తారు. ఆపై కాయిల్, కెపాసిటర్‌లతో కూడిన ఫిల్టర్ ఆ స్విచింగ్ పౌనఃపున్యాన్ని వడగట్టి, సంగీతాన్ని స్పీకర్‌కు పంపుతుంది. పానసోనిక్ ఎస్ఏ-ఎక్స్ఆర్ శ్రేణి రిసీవర్లు ఈ కోవలోవే. క్లాస్ డి (ఇలా ఆన్, ఆఫ్ స్విచింగ్‌తో పనిచేసే యాంప్లిఫయర్ రకం) అని రాసి ఉన్నవన్నీ ఇలాంటివి కావు. చాలావరకు అనలాగ్ సంకేతాన్నే తీసుకుంటాయి. రికార్డ్ ప్లేయర్ కలిపితే మాత్రం దారి మళ్ళీ పెరుగుతుంది, ఎందుకంటే దాని అనలాగ్ సంకేతాన్ని ముందు అంకెల్లోకి మార్చక తప్పదు.