అయస్కాంతం మీద రాస్తున్న చిరంజీవికి

అమ్మాయీ, ఆశీస్సులు.

పిల్లల కోసం నువ్వు రాసిన అయస్కాంతాల వ్యాసం చదివాను. నీ భాషకు వంక పెట్టను. కానీ "అయస్కాంతం లోహాలను ఆకర్షిస్తుంది" అన్న మొదటి వాక్యం కొట్టేయి. రాగి చెంబు, అల్యూమినియం గిన్నె, బంగారు గాజు కూడా లోహాలే, ఒక్కటీ అంటుకోదు. ఏడో తరగతి పిల్లవాడు ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసుకుని రెండు నిమిషాల్లో నీ మాట తప్పని తేల్చేస్తాడు.

ఆ పరీక్షేదో నువ్వే పెట్టించు. వంటింట్లో స్టీలు సామానంతటికీ అయస్కాంతం ఆనించి చూడమను. కొన్నిటికి టక్కున అతుక్కుంటుంది, కొన్నిటి మీద నిలవకుండా జారిపోతుంది. రెండిట్లోనూ ఎక్కువ భాగం ఇనుమే! నికెల్ తగినంత కలిపిన స్టీలులో పరమాణువుల అమరిక మారి, అంటుకునే గుణం దాదాపు పోతుంది. తమాషా ఏమిటంటే, విడిగా ఉన్న నికెల్ అయస్కాంతానికి చక్కగా అంటుకుంటుంది. ఇండక్షన్ పొయ్యి కొన్ని గిన్నెలను ఎందుకు ఒప్పుకోదో ఇక్కడే ఒక్క ముక్కలో చెప్పొచ్చు.

"ఎందుకు" అన్నది ఆ తర్వాతే రావాలి. ఇనుములో ప్రతి పరమాణువూ చిన్న అయస్కాంతమే. ముఖ్యంగా ఎలక్ట్రాన్లకు పుట్టుకతోనే ఉండే స్పిన్ అనే గుణం వల్ల. ఈ పరమాణువులు గుంపులుగా ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. ఆ గుంపులే డొమైన్లు. మామూలు మేకులో డొమైన్లు తలో దిక్కు చూస్తుంటాయి కాబట్టి బలం బయటపడదు. అయస్కాంతం దగ్గరికి తెస్తే దానికి అనుకూలమైన డొమైన్లు పెరిగి, మేకు తాత్కాలికంగా అయస్కాంతమవుతుంది. ఇనుమును 770 డిగ్రీల సెల్సియస్ దాటి వేడిచేస్తే ఈ వరస చెదిరిపోతుంది. దీనికి నువ్వు మూడు ఉపమానాలు వాడావు. కవాతు సైనికులను ఉంచి మిగతావి తీసేయి.

ఇనుప రజను బొమ్మ కింద "బలరేఖలు కనిపిస్తున్నాయి" అని రాశావు. గాలిలో దారాలేవీ లేవమ్మా. రజను రేణువులే అయస్కాంతాలై కొసకు కొస అంటుకుని గీతల్లా కనిపిస్తాయి. గీతల మధ్య ఖాళీలోనూ క్షేత్రం, అంటే అయస్కాంత ప్రభావం, ఉంటుంది.

1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆర్‌స్టెడ్ చూసినదాన్ని ఒక వాక్యంలో తేల్చేశావు. ఆయన చదువూ బిరుదులూ వదిలేయి, సూది దగ్గర ఆగు. దిక్సూచి మీదుగా తీగ సాగదీసి కరెంటు పంపితే, తీగ సూదిని తనవైపు లాక్కోలేదు, అవతలికి నెట్టలేదు, పక్కకు తిప్పింది. కరెంటు దిశ మారిస్తే సూది రెండోవైపు తిరిగింది. లాగడం, నెట్టడం మాత్రమే తెలిసిన పిల్లలకు ఇది కొత్త. ఒక పేరా అంతా దీనికే ఇవ్వు.

తిరగరాసి పంపు. ఈసారి బొమ్మలు కూడా జతచేయి.