గుడ్లు కొనే ముందు ఒక మాట

తిరుపతి,
ఆదివారం

అమ్మాయీ,

నువ్వు పంపిన కాగితాలు చదివాను. సముద్రపు నాచు నుంచి ఫ్యూకాయిడాన్ తీసి, దెబ్బతిన్న కండలో కొత్త రక్తనాళాలు మొలిపించాలనే ఆలోచన బాగుంది. కానీ అది నాళాలను పెంచుతుందని మొదటి పేజీలోనే తేల్చేశావే, అక్కడ నాకు అడ్డం తగిలింది.

ఫ్యూకాయిడాన్ అంటే ఒక్క పదార్థం కాదమ్మా. సల్ఫేట్ తగులుకున్న చక్కెర గొలుసులవి. నాచు జాతిని బట్టి, కోసిన కాలాన్ని బట్టి మారిపోతాయి. పొడుగు గొలుసులు చాలాసార్లు నాళాల పెరుగుదలకు అడ్డుపడతాయి. వాటినే తుంచి పొట్టివి చేస్తే, ఎఫ్‌జీఎఫ్-2 లాంటి, కణాలను పెరగమని చెప్పే ప్రోటీన్లను పట్టుకుని నాళాలు పెరగడానికి సాయపడతాయి. అణుభారమెంతో, సల్ఫేట్ ఎంతుందో తేలేదాకా కణాల మీద చుక్క కూడా వేయకు.

తమిళనాడు తీరంలోని మండపం ఊరి నుంచి నాచు తెప్పిస్తే ఉప్పూ ఇసుకా పోయేదాకా కడిగి నీడలో ఆరబెట్టు. వేడినీళ్లలో సారం దించాక కాల్షియం క్లోరైడ్ వేస్తే, నాచులోని మరో జిగురు పదార్థం ఆల్జినేట్ తాటిముంజెలా గట్టిపడి విడిపోతుంది. దాన్ని పారేయకు, పుండ్ల డ్రెస్సింగులు దాంతోనూ చేస్తారు.

ఇక కోడిగుడ్డు పరీక్ష: పొదుగుతున్న గుడ్డు పెంకుకు చిన్న కిటికీ కోసి, లోపలి పొర మీద మందు వేసి, కొత్త నాళాలు పుడతాయేమో చూడడం. మొదటిసారి నేను చిత్తూరులో అంగడికి పోయి మూడు అట్టల గుడ్లు తెచ్చి, వారం రోజులు 37.5 డిగ్రీల్లో పెట్టాను. ఒక్కదాంట్లోనూ రక్తనాళం లేదు! అంగడి గుడ్లు పిల్లలవవు సార్ అని అటెండరు నవ్వాడు. నువ్వు హేచరీకి పోయి పొదిగే గుడ్లే అడుగు. నాలుగో రోజు చీకట్లో టార్చి పెట్టి చూడు: మొద్దు వైపు గాలి గది, దాని కింద సాలీడు కాళ్లలా ఎర్రటి నాళాలు. కిటికీ కోసేటప్పుడు పెంకు పొడి లోపల పడిందంటే ఆ చిరాకుకే కొత్త నాళాలు పుడతాయి, నీ మందు పనిచేసిందని మురిసిపోతావు. ఎండోటాక్సిన్, అంటే బాక్టీరియా నుంచి వచ్చే విషం, కూడా అలాగే మోసం చేస్తుంది, ముందే పరీక్ష చేయించు.

మీ మామ కాలి పుండుకు ఆ పొడి ఇద్దామా అన్నావు. వద్దు. ఫ్యూకాయిడాన్‌కు హెపారిన్ లాగా రక్తం గడ్డకట్టనివ్వని గుణముంది, ఆయన ఇప్పటికే రక్తం పలచన చేసే మాత్ర వేసుకుంటున్నాడు. ముందు డాప్లర్ తీయించి, కాలికి రక్తం ఎంత అందుతోందో డాక్టరు చేత చూయించండి.

గుడ్లు తెచ్చేటప్పుడు బస్సులో పైన పెట్టకు, ఒళ్లో పెట్టుకో. మన రోడ్ల గతుకులకు గాలి గది కదిలిపోతుంది.

మీ పెదనాన్న